గంట ఎక్కడికి పోయింది?

2024 మార్చి 10వ తేదీ, ఆదివారం సాయంత్రం. కాకినాడలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంట్లో ఫోను మోగింది. ఎత్తగానే, "అమ్మా, ఇంజెక్షన్ వేసుకునే వేళయింది. అరగంటలో భోంచెయ్యి" అని కొడుకు గొంతు వినిపించింది. కొడుకు ఉండేది అమెరికాలోని చికాగో నగరంలో. ఆ క్షణాన అతడు నిజంగా మాట్లాడటం లేదు. అది ముందే రికార్డు చేసి పెట్టిన మాట. రోజూ రాత్రి ఏడున్నరకు ఆ మాట తల్లికి వినిపించేలా అతడు తన కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు.

ఆవిడకు మధుమేహం. చూపు తగ్గినందువల్ల గోడగడియారం ముళ్ళు సరిగా ఆనవు. ఫోను మోగగానే ఇన్సులిన్ వేసుకోవడం, ఎనిమిదింటికి క్యారేజి రాగానే భోంచేయడం నాలుగు నెలలుగా ఆవిడకు అలవాటు. ఆనాడూ ఫోను మోగగానే ఇంజెక్షన్ వేసుకున్నది. కాని క్యారేజి ఎంతకీ రాలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను తగ్గిస్తుంది. దాని వెంట ఆహారం పడకపోతే చక్కెర ప్రమాదకరమైనంతగా పడిపోతుంది. అదృష్టం బాగుండి పక్కింటి అమ్మాయి వచ్చి చూసి, పంచదార నీళ్ళు తాగించింది. ఆవిడ తేరుకున్నాక ఆ అమ్మాయి గడియారం చూస్తే అప్పటికింకా ఏడున్నర కావస్తున్నది. అంటే ఫోను వచ్చింది ఏడున్నరకు కాదు, ఆరున్నరకు!

ఆ కొడుకు ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదివినవాడు. మర్నాడు నాకు ఫోను చేశాడు. "మాస్టారూ, ప్రోగ్రాములో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. శనివారం దాకా సరిగ్గానే పనిచేసింది. ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు మార్చారన్న సంగతి నాకు తెలుసు. అమ్మ గడియారం మారలేదు కదా, మనకేం భయం అనుకున్నాను" అన్నాడు.

విద్యార్థులారా! ఆ తప్పిన గంట కోసం మనం కూడా వెదుకుదాం. దాని వెనక భూగోళశాస్త్రం ఉన్నది, చరిత్ర ఉన్నది, కాస్త లెక్కలు కూడా ఉన్నాయి.

ఊరికొక మధ్యాహ్నం

భూమి తన చుట్టూ తాను 24 గంటలకు ఒకసారి తిరుగుతుందని మీరు చదువుకున్నారు. 24 గంటలకు 360 డిగ్రీలు కాబట్టి గంటకు 15 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందు నడినెత్తికి వస్తాడు, పడమటి ఊరికి తర్వాత వస్తాడు. పూర్వం ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. ఎడ్లబండి మీద ప్రయాణం చేసేవాడికి ఈ నాలుగేసి నిమిషాల తేడాతో పనిలేదు. రైళ్ళు వచ్చాక చిక్కు వచ్చింది. ప్రతి స్టేషనూ తన సొంత సమయం పాటిస్తే రైలు ఎన్ని గంటలకు వస్తుందని చెప్పాలి?

1884 అక్టోబరులో 25 దేశాల ప్రతినిధులు వాషింగ్టన్‌లో సమావేశమై, ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని సున్నా డిగ్రీలుగా తీసుకోవాలని తీర్మానించారు. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. 82½ ని 4 చేత హెచ్చించండి. 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. అందుకే మన గడియారం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ సమీపంగా వచ్చి, మన కాకినాడకు కొద్ది దూరం తూర్పుగా సముద్రంలోకి దిగుతుంది. ఆ పెద్దావిడ ఇంటికి అది ఎంతో దూరంలో లేదు!

ఇప్పుడు ప్రపంచమంతటా లెక్కకు ఆధారంగా తీసుకునే సమయాన్ని సార్వత్రిక సమయం అంటారు. కంప్యూటర్లవారు దానిని యు.టి.సి. అని పిలుస్తారు. అది అణుగడియారాల సాయంతో నడుస్తుంది. మనం దానికంటే 5½ గంటలు ముందు. చలికాలంలో చికాగో దానికంటే 6 గంటలు వెనక. ఈ రెండూ కలిపితే కాకినాడకూ చికాగోకూ తేడా 11½ గంటలు.

"చలికాలంలో" అన్నమాట గమనించారా? చిక్కంతా అక్కడే ఉన్నది.

వేసవిలో జరిపే గంట

కాకినాడ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇక్కడ ఏడాదిలో అతి దీర్ఘమైన పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. చికాగో దాదాపు 42 డిగ్రీల మీద ఉన్నది. అక్కడ జూన్‌లో పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరులో 9 గంటలకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. వేసవిలో జనం నిద్రలేవకముందే ఎంతో వెలుగు వృథా అవుతుంది. గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపితే జనం ఒక గంట ముందే లేస్తారు, సాయంత్రం ఒక గంట వెలుగు మిగులుతుంది. దీనినే వేసవి సమయం అంటారు.

దేశమంతటికీ దీనిని మొదట అమలు చేసింది జర్మనీ, 1916 ఏప్రిల్ 30న. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. దీపాలకయ్యే ఇంధనాన్ని ఆదా చేయడం వారి ఉద్దేశం. కొద్ది వారాలకే బ్రిటన్, 1918లో అమెరికా అదే బాట పట్టాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో కూడా కొంతకాలం గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఇప్పుడు మనకు ఆ పద్ధతి లేదు.

అమెరికాలో 2007 నుంచి అమలులో ఉన్న నియమం ఇది: మార్చి నెల రెండవ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారాన్ని 3 గంటలకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే తిరిగి 1 గంటకు తెస్తారు. అలాగని దేశమంతా దీనిని పాటించదు. హవాయి రాష్ట్రం, అరిజోనా రాష్ట్రంలో ఎక్కువ భాగం ఎన్నడూ గడియారం మార్చవు.

దొరికిన దోషం

ఇక నా శిష్యుడి ప్రోగ్రాము సంగతి. అతడు దానిని నవంబరులో రాశాడు. అందులో ఒక ఆజ్ఞ ఇలా ఉన్నది: భారత సమయం నుంచి 11½ గంటలు తీసివేస్తే వచ్చే వేళకు, చికాగో గడియారం ప్రకారం, ఫోను చెయ్యి. రాత్రి ఏడున్నర అంటే 19:30. అందులో 11:30 తీసివేస్తే 8:00. చికాగోలో ఉదయం ఎనిమిది అయినప్పుడల్లా కాకినాడలో ఫోను మోగేది.

మార్చి 10న చికాగో గడియారం ఒక గంట ముందుకు జరిగింది. కాబట్టి అక్కడ ఉదయం ఎనిమిది ఒక గంట పెందలాడే వచ్చింది. తేడా 11½ నుంచి 10½ గంటలకు తగ్గింది. 8:00 కు 10:30 కలపండి. 18:30, అంటే సాయంత్రం ఆరున్నర. పోయిన గంట దొరికింది! అమ్మ గడియారం మారలేదు నిజమే. కాని ప్రోగ్రాము చూస్తున్నది అమ్మ గడియారాన్ని కాదు, కొడుకు గడియారాన్ని.

మావాడు వెంటనే 11½ కొట్టేసి 10½ అని రాశాడు. "అయిపోయింది మాస్టారూ!" అన్నాడు.

"జ్వరం తగ్గింది గాని రోగం పోలేదురా. నవంబరులో ఏమవుతుంది?" అని అడిగాను.

దోషం బయటపడే రోజు వచ్చేదాకా కాచుకుని కూర్చోవడం శాస్త్రీయ పద్ధతి కాదు. ఆ రోజునే మన దగ్గరకు తెచ్చుకోవాలి. అతడు ఫోను చేసే భాగాన్ని ఆపివేసి, ప్రోగ్రాముకు "ఈవేళ 2024 నవంబరు 4" అని చెప్పి నడిపి చూశాడు. చికాగోలో 9:00, దానికి 11:30 కలిపితే 20:30. తల్లికి ఫోను ఎనిమిదిన్నరకు పోతుంది. అప్పటికి క్యారేజి వచ్చి అరగంట అవుతుంది! మార్చిలో ఒక గంట ముందు, నవంబరులో ఒక గంట వెనక. తప్పు తిరగబడిందే తప్ప పోలేదు.

ఇటువంటి దోషాలను వెదకడం ఎందుకు కష్టమో చూడండి. తేడా సరిగ్గా ఒక గంటే ఉంటుంది. అది ఏడాదిలో ఏవో రెండు రోజుల్లోనే మొదలవుతుంది. రాసినవాడు ఎన్నిసార్లు పరీక్షించినా, ఆ రెండు రోజులు తగలకపోతే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే అనుభవంగల ప్రోగ్రాము రచయితలు సమయంలో సరిగ్గా ఒక గంట తేడా కనిపిస్తే మొదట వేసవి సమయాన్నే అనుమానిస్తారు. అయిదున్నర గంటల తేడా కనిపిస్తే, మన సమయాన్నీ సార్వత్రిక సమయాన్నీ ఎక్కడో కలగాపులగం చేశామని గ్రహిస్తారు.

లేని వేళ, రెండుసార్లు వచ్చే వేళ

గడియారం మార్చే ఆ రెండు రాత్రులూ చాలా చిత్రమైనవి. 2024 మార్చి 10న చికాగోలో తెల్లవారుజామున 2:30 అనే వేళ లేనే లేదు. 1:59:59 తర్వాతి సెకండే 3:00:00. రోజూ రెండున్నరకు ఒక పని చేయమని కంప్యూటరుకు చెప్పి ఉంటే, ఆ రాత్రి అది ఏం చేయాలి? కొన్ని ప్రోగ్రాములు ఆ పనిని మానేస్తాయి, కొన్ని మూడున్నరకు చేస్తాయి.

నవంబరు 3న దీనికి వ్యతిరేకం. ఒకటిన్నర రెండుసార్లు వచ్చింది. మొదటి ఒకటిన్నరప్పుడు కాకినాడలో మధ్యాహ్నం పన్నెండు. రెండవ ఒకటిన్నరప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. చికాగోలో ఒక యంత్రం "1:30 కి ఆగిపోయాను" అని మాత్రం రాసిపెడితే, ఎప్పుడు ఆగిందో ఎవరు చెప్పగలరు?

ఆ లెక్కన ఒక రోజుకు 24 గంటలన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. చికాగోలో ఆ మార్చి ఆదివారానికి 23 గంటలే, ఆ నవంబరు ఆదివారానికి 25 గంటలు! "రేపు ఇదే వేళకు" అనడానికి బదులు "86,400 సెకండ్ల తర్వాత" అని రాసిన ప్రోగ్రాము ఆ రెండు రోజులూ తప్పుతుంది. మార్చి 9 మధ్యాహ్నం 12 గంటలకు 86,400 సెకండ్లు కలిపితే చికాగోలో మర్నాడు మధ్యాహ్నం 1 గంట అవుతుంది.

క్షణం ఒకటి, పేర్లు ఎన్నో

ఈ చిక్కు విడిపోవాలంటే ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. క్షణం వేరు, దానికి మనం పెట్టే పేరు వేరు. ఒకే మనిషిని ఇంట్లో ఒకరు బాబాయి అంటారు, మరొకరు మామయ్య అంటారు. మనిషి మారడు. అలాగే ఒకే క్షణాన్ని కాకినాడ "మధ్యాహ్నం ఒకటిన్నర" అంటుంది, చికాగో "తెల్లవారుజాము మూడు" అంటుంది.

కంప్యూటర్లు క్షణానికి పేరు బదులు సంఖ్య ఇస్తాయి. సార్వత్రిక సమయం ప్రకారం 1970 జనవరి 1 మొదలైన క్షణం సున్నా. అక్కడి నుంచి సెకండ్లు లెక్కపెడుతూ పోవడమే. అప్పుడప్పుడు కలిపే లీపు సెకండును మాత్రం ఈ లెక్క పట్టించుకోదు. ఈ లెక్క వంద కోట్లకు చేరినప్పుడు మన దేశంలో 2001 సెప్టెంబరు 9వ తేదీ ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకండ్లు.

ఇప్పుడు ఆ మార్చి రాత్రిని ఈ లెక్కలో చూడండి. 1710057599 వ సెకండుకు చికాగోలో 1:59:59. 1710057600 వ సెకండుకు 3:00:00. సంఖ్యలలో ఎక్కడా ఖాళీ లేదు! నవంబరులో మొదటి ఒకటిన్నర 1730615400, రెండవది 1730619000. రెంటికీ తేడా 3,600, సరిగ్గా ఒక గంట. గంట ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. పేర్లు మాత్రమే జరిగాయి. అందుకే జరిగిపోయిన సంగతులను ఈ సంఖ్యలో రాసిపెట్టుకుని, మనిషికి చూపేటప్పుడు మాత్రమే ఆయా ఊరి గడియారంలోకి మార్చడం మంచి పద్ధతి.

చట్టం మారితే?

మార్చడానికి నియమాలు కావాలి కదా. ఆ నియమాలను చేసేది సూర్యుడు కాదు, ప్రభుత్వాలు. సూర్యుడు రేపు ఎన్ని గంటలకు ఉదయిస్తాడో లెక్క వేయవచ్చు. ప్రభుత్వం రేపు ఏ ఉత్తర్వు వేస్తుందో ఏ లెక్కా చెప్పలేదు.

అమెరికాలో 1987 నుంచి 2006 దాకా వేసవి సమయం ఏప్రిల్ మొదటి ఆదివారం మొదలయ్యేది. దానినే 2007లో మార్చికి జరిపారు. పాత నియమాన్ని తమలో స్థిరంగా రాసిపెట్టుకున్న యంత్రాలు ఆ ఏడాది మార్చిలో మూడు వారాలు తప్పు వేళ చూపాయి. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశం దినరేఖకు అటువైపు నుంచి ఇటువైపుకు మారదలచి, 2011 డిసెంబరు 30వ తేదీని పూర్తిగా వదిలివేసింది. అక్కడ గురువారం తర్వాత శనివారం వచ్చింది! 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం వేసవి సమయాన్ని వాయిదా వేస్తున్నట్టు కేవలం రెండు మూడు రోజుల ముందు ప్రకటించింది. కొన్ని సంస్థలు ఆ మాట వినలేదు. కొన్ని ఫోన్లు పాత నియమం ప్రకారం తమంతట తామే మారిపోయాయి. కొద్ది రోజులపాటు ఒకే దేశంలో రెండు వేళలు నడిచాయి. చివరకు ప్రభుత్వం ఉత్తర్వును వెనక్కు తీసుకున్నది.

ఈ మార్పులన్నిటినీ ఒక పెద్ద పట్టికలో రాసిపెట్టే పని 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ ప్రారంభించాడు. తర్వాత పాల్ ఎగ్గర్ట్ దానిని నడుపుతూ వచ్చాడు. ఏ దేశం ఎప్పుడు గడియారం మార్చిందో, ఎప్పుడు మారుస్తుందో స్వచ్ఛందంగా పనిచేసే ఎందరో తెలియజేస్తుంటారు. ఎన్నో కంప్యూటర్లు, ఫోన్లు ఈ పట్టికనే నమ్ముకుని నడుస్తాయి. అందులో మన దేశపు సమయం పేరు "ఏషియా/కోల్‌కతా", చికాగో సమయం పేరు "అమెరికా/చికాగో". సాధారణంగా మండలానికి అందులోని పెద్ద నగరం పేరు పెడతారు. పట్టికలో దిద్దుబాటు జరిగితే కొత్త ప్రతిని యంత్రాలకు అందించాలి. మన ఫోన్లకు అప్పుడప్పుడు వచ్చే కొత్త సవరణలలో ఇది కూడా ఒకటి.

ఎవరి గడియారం?

జరిగిన సంగతికి సెకండ్ల సంఖ్య చాలు. జరగబోయే సంగతికి అది చాలదు. బీరూట్‌లో వచ్చే నెల ఉదయం పది గంటలకు ఒక సమావేశం ఉన్నదనుకోండి. దానిని ఈనాటి నియమంతో సెకండ్లలోకి మార్చి దాచుకుంటే, రేపు నియమం మారినప్పుడు ఆ సంఖ్య పదకొండు గంటలను సూచించవచ్చు. అందుచేత జరగబోయే పనికి "పది గంటలు" అన్న వేళనూ, "బీరూట్" అన్న ఊరినీ రెంటినీ దాచుకోవాలి. మార్చడమన్నది ఆఖరున చేయాలి.

నా శిష్యుడిని అడిగాను, "ఆ ఏడున్నర ఎవరిదిరా?" అని. కాసేపు ఆలోచించి, "అమ్మది మాస్టారూ. నాది కానే కాదు" అన్నాడు. అతడు ప్రోగ్రాములోని తేడా సంఖ్యను పూర్తిగా తీసివేశాడు. "ఏషియా/కోల్‌కతా, 19:30" అని మాత్రమే రాశాడు. చికాగోలో అప్పుడు ఎంతవుతుందో పట్టికను చూసి ప్రోగ్రామే తెలుసుకుంటుంది. తర్వాత గడియారం మారే ప్రతి తేదీకీ, దాని ముందు రోజుకూ, మర్నాటికీ నడిపి చూశాడు. అన్నిటికీ జవాబు ఒకటే వచ్చింది: కాకినాడలో 19:30.

అయినా 2024 నవంబరు 3న అతడికి మనసు నిలవలేదు. ఫోను వెళ్ళవలసిన వేళకు కాస్త ముందే తల్లితో మాట్లాడుతూ కూర్చున్నాడట. పక్కింటి అమ్మాయి గడియారం చూసి చెప్పింది: ఆ రెండో ఫోను సరిగ్గా ఏడున్నరకే మోగింది.

మీరు చేసి చూడండి

1. నేపాల్ గడియారం సార్వత్రిక సమయం కంటే 5 గంటల 45 నిమిషాలు ముందు. అది ఏ రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నదో లెక్క కట్టండి.

2. చికాగోలో ఒక కాపలాదారు 2024 నవంబరు 2 రాత్రి 11 గంటలకు పనిలోకి వచ్చి, మర్నాడు ఉదయం 7 గంటలకు దిగాడు. అతడికి ఎన్ని గంటల జీతం ఇవ్వాలి? ఎనిమిది అనకండి!

3. అదే రాత్రి అక్కడి ఆసుపత్రిలో కవలలు పుట్టారనుకోండి. అన్న మొదటి 1:50 కి పుట్టాడు. తమ్ముడు సరిగ్గా 20 నిమిషాల తర్వాత పుట్టాడు. అప్పుడు గోడగడియారం ఎంత చూపుతుంది? జననాల పుస్తకంలో వేళ మాత్రమే రాస్తే ఎవరు పెద్దవాడవుతాడు? అన్నకు అన్యాయం జరగకుండా వేళ పక్కన ఇంకేం రాయాలో మీరే ఆలోచించి చెప్పండి.